గాజుబుడ్డిలోని తీఁగ



పొగ కనఁబడినచోట నిప్పుండునని యూహించుట తర్కశాస్త్రమునఁ బ్రథమపాఠము. దీనిని తలక్రిందు చేసి, నిప్పున్న ప్రతిచోటను పొగ యుండునా యని శిష్యుఁ డడిగినచో, ఉండదని చెప్పి గురువు కమ్మరి కొలిమిలోఁ గాఁగిన యినుపగుండును జూపును. అది యెఱ్ఱగా వెలుఁగును, ముట్టినఁ గాల్చును. పొగ మాత్రము లేదు. మన యిండ్లలో మొన్నమొన్నటివఱకు వ్రేలాడిన గుండ్రని విద్యుద్దీపము ఆ యినుపగుండు వంశములోనిదే.

దీనిని గూర్చి యీ నెలలో వ్రాయుటకుఁ గారణ మొక పాఠకురాలి లేఖ. ఆమె యింట పూజగదిలోను పెరటిలోను నేఁటికిని పాత బల్బులే యున్నవఁట. మూఁడుసార్లు ఆమె మీట నొక్కిన క్షణముననే బల్బు పోయినదఁట. కోడలి హస్తవాసి మంచిది కాదని యింటిలో మాట పుట్టినదఁట. ఆమె యడిగినవి రెండు ప్రశ్నలు: వెలిగించునప్పుడే బల్బు పోవు టేల? దీనిని గనిపెట్టినవాఁడు ఎడిసన్ అని పిల్లల పుస్తకములో నున్నది, అది నిజమేనా? మొదటి ప్రశ్న వెనుక నొక యిల్లాలి పరువున్నది గనుక దానినే ముందు విచారింతము.

బల్బు మండుచున్నదని మనము వాడుకగా నందుము గాని, బల్బులో నేదియు మండదు. ప్రమిదలోని నూనె గాలియందలి ప్రాణవాయువుతోఁ గలిసి దహించును. బల్బులోని తీఁగకు ఆ ప్రాణవాయువు సోఁకెనా, కన్ను మూసి తెఱచునంతలో మాడిపోవును. లాంతరుగాజు గాలికి దీప మాఱకుండుటకు. బల్బు గాజు ఆ గాలియే లోపల లేకుండుటకు. ఇఁక తీఁగ వేఁడెక్కుట యెట్లనగా, లోహమునందు విద్యుత్తు ప్రవహించునప్పుడు ఎలక్ట్రానులను సూక్ష్మకణములు పరమాణువులను ఢీకొనుచుఁ బోవును. ఆ యొరపిడియే వేఁడిమి. ప్రవాహము రెట్టింపైన వేఁడిమి నాలుగు రెట్లగునని జేమ్స్ జౌల్ అను నాంగ్లేయుఁడు 1841లోఁ బ్రకటించెను. తీఁగ యెంత సన్నము, ఎంత పొడవు అయిన నంత యడ్డగింపు. 120 వోల్టులకుఁ జేసిన 60 వాట్ల బల్బులోని చుట్టను విప్పి సాఁగఁదీసినచో నించుమించు 58 సెంటీమీటర్లుండును. దాని మందము 0.046 మిల్లీమీటర్లు. తలవెండ్రుకకంటెను సన్నము.

ఆ తీఁగ టంగ్‌స్టన్ అను లోహము. వెలుఁగునప్పుడు దాని వేఁడిమి సుమారు 2,500 డిగ్రీలు. అంత వేఁడిమిలో లోహముకూడ ఎండలో నీరువలె మెల్లమెల్లగా నావిరియగును. చాలదినములు వాడిన బల్బు లోపలివైపున నల్లని మసి పట్టినట్లుండుట మీరు చూచియే యుందురు. అది మసి కాదు, తీఁగనుండి లేచిపోయిన టంగ్‌స్టనే. ఈ తఱుగుదల తీఁగ పొడవున నొక్కరీతిగా నుండదు. ఎక్కడనో యొకచోట నది మిగిలిన భాగముకంటె సన్నమగును. అచ్చట వేఁడిమి హెచ్చును. వేఁడిమి హెచ్చినకొలఁది మఱింత యావిరి, మఱింత సన్నము.

ఇప్పుడు మీటమాట. చల్లని టంగ్‌స్టన్ విద్యుత్తును అడ్డగించుట, కాఁగిన టంగ్‌స్టన్ అడ్డగించుటలోఁ బదవవంతుకంటెను తక్కువ. కాఁబట్టి మీట నొక్కిన తొలి క్షణమున, తీఁగ యింకను చల్లగా నుండఁగా, మామూలు ప్రవాహమునకుఁ బదిరెట్లకుఁ బైగా నొక్కసారిగా లోపలికి దూఁకును. రెప్పపాటుకాలములో తీఁగ వేఁడెక్కి ఆ వెల్లువను అణఁచును గాని, ఈ లోపల సన్నబడిన తావు తక్కినవానికంటె ముందుగా వేఁడెక్కి కరఁగి తెగును. ముసలిబల్బు లెక్కువగా మీట నొక్కినప్పుడే పోవుటకుఁ గారణ మిది. హస్తవాసికి దీనితో నేమియు సంబంధము లేదు. అత్తగారు నొక్కినను ఆ బల్బు పోయెడిదే. సాయంకాలము దీపము పెట్టుపని కోడలిది గనుక నేరము కోడలిమీఁదఁ బడినది. ఈ పేరాను వారియింటఁ బైకిఁ జదివి వినిపింపుమని ఆ సోదరిని గోరుచున్నాను.

ఇఁక రెండవ ప్రశ్న. 1802లోనే హంఫ్రీ డేవీ అను శాస్త్రజ్ఞుఁడు లండనులో ప్లాటినపు తీఁగలోనికి బ్యాటరీ విద్యుత్తును బంపి వెలిగించెను. అప్పటి కెడిసన్ పుట్టనేలేదు. వెలుఁగుట కష్టము కాదు, నిలుచుట కష్టము. ప్లాటినము విలువ బంగారమువంటిది, పైగా కరఁగిపోవును. బొగ్గు కరఁగదు గాని గాలి తగిలినఁ గాలును. ఇంగ్లండులో జోసెఫ్ స్వాన్ బొగ్గుగా మాడ్చిన కాగితపు పోగులతో నేండ్లతరబడి శ్రమపడెను. బుడ్డిలోని గాలిని బొత్తిగాఁ దీసివేయు సాధనము లేక నిలిచిపోయెను. 1865లో హెర్మన్ ష్ప్రెంగెల్ పాదరసముతోఁ బనిచేయు గాలిపంపును నిర్మించెను. ఆ పంపు లేనిదే స్వాను లేఁడు, ఎడిసను లేఁడు. కాని బడిపిల్లలలో ష్ప్రెంగెల్ పేరు విన్నవారెందఱు?

స్వాన్ 1879 ఫిబ్రవరిలో న్యూకాసిల్ పట్టణమున సభలో తన దీపమును వెలిగించి చూపెను. ఆ సంవత్సరమే అక్టోబరులో, అమెరికాలోని మెన్లోపార్కునందు, మాడ్చిన నూలుపోగుతోఁ జేసిన ఎడిసన్ దీపము 13 గంటలకుఁ బైగా వెలిఁగెను. మఱుసటి సంవత్సరము వెదురుపోగులతో నది వేయి గంటలు దాఁటెను. జపానుదేశపు వెదురు అందులకు మిక్కిలి యనుకూలించెను. ఇద్దరును వ్యాజ్యమాడుటకు మాఱుగా 1883లో ఇంగ్లండునఁ గలిసి యొక కంపెనీగా నేర్పడిరి. మఱి ఎడిసన్ గొప్ప యెందున్నది? నా యభిప్రాయమున అది పోగులో లేదు, లెక్కలో నున్నది. ఊరంతటికిని దీపములు పెట్టవలెనన్న రాగితీఁగల వెలయే కొంప ముంచును. దీపపు పోగు మిక్కిలి సన్నమై అడ్డగింపు హెచ్చుగా నున్నచో కొద్దిపాటి ప్రవాహము చాలును. ప్రవాహము కొద్దియైన వీథితీఁగలు సన్ననివి చాలును. ఈ లెక్కతోనే 1882 సెప్టెంబరు 4వ తేదీన న్యూయార్కులోని పెర్ల్ వీథియందు విద్యుత్కేంద్రము తెఱవఁబడెను. పదార్థము తెలిసినవాఁడు వంటవాఁడు; నూఱుమందికి సరిపోవు దినుసు లెక్క తెలిసినవాఁడు వేఱు.

తక్కిన పేర్లును గొన్ని చెప్పక తప్పదు. బానిసత్వమునుండి తప్పించుకొని వచ్చిన దంపతుల కుమారుఁడు లూయిస్ లాటిమర్, బొగ్గుపోగులు చెడకుండఁ జేయు పద్ధతికి 1882లోఁ బేటెంటు పొందెను. 1904లో అలెగ్జాండర్ యూస్ట్, ఫ్రాన్యో హనామన్ అను నిద్దరు టంగ్‌స్టన్ పోగునకు హంగెరీలోఁ బేటెంటు సంపాదించిరి. పెళుసైన యా లోహమును తీఁగగా సాఁగఁదీయు నుపాయము 1910 నాఁటికి విలియం కూలిడ్జ్ సాధించెను. కర్మాగారములలో వెండ్రుకవంటి పోగులను పట్టకారులతో నమర్చు సున్నితపు పని చేసినవారిలోఁ బెక్కుమంది స్త్రీలు. వారి పేర్లు ఏ పుస్తకములోను లేవు.

1913లో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ చేసినది నాకన్నిటికంటె ముచ్చటగాఁ దోఁచును. బుడ్డి నల్లబడుట మానవలెనన్న శూన్య మింకను పెంచవలెనని యందఱు ననుచుండఁగా, ఆయన దానిలోనికి మరల వాయువును నింపెను. ప్రాణవాయువును గాదు, దేనితోను గలియని జడవాయువును. ఆవిరియై లేచు పరమాణువులను ఆ వాయువు త్రోసి మరల తీఁగపైకిఁ బంపును. వాయువు వేఁడిమిని హరించునను చిక్కునకు విరుగుడుగా తీఁగను చుట్టగాఁ జుట్టెను; చలిలోఁ బిల్లలు దగ్గఱగా ముడుచుకొని పరుండినట్లు చుట్ట తన వేఁడిమిని తానే కాపాడుకొనును. తరువాత హంగెరీవాఁడు ఇమ్రె బ్రోడి క్రిప్టాన్ వాయువుతో దీనిని మెఱుగుపఱచెను. యూదుఁడగుటచే నాయన నాజీల నిర్బంధశిబిరమున 1944లో మరణించెను. వెలుఁగు నిచ్చినవాని కథ యట్లు ముగియుట వ్రాయఁగాఁ జేయి యాడదు.

బల్బు ఆయువు వేయి గంటలేల యను సందేహము పలువురికిఁ గలదు. 1924లో పెద్ద కంపెనీలు జెనీవాలోఁ గూడి, ఏ బల్బును వేయి గంటలకు మించి నిలువరాదని కట్టడి చేసికొనిరి. మించినవారికి జుల్మానా విధించిరి. అమ్మకము పెంచుకొను నెత్తుగడ యిది యనుటలో సందేహము లేదు. అయినను శాస్త్రముకూడఁ గొంత కలదు. వోల్టేజి నూటికి 5 వంతులు తగ్గించిన ఆయువు సుమారు రెట్టింపగును, కాని వెలుఁగు నూటికి 16 వంతులు తగ్గును. కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ పట్టణపు అగ్నిమాపకశాలలో 1901 నాఁటి బల్బు నేఁటికిని వెలుఁగుచున్నది. అది ఖర్చుచేయునది నాలుగు వాట్లు మాత్రమే. దాని క్రిందఁ గూర్చుండి బియ్యములో రాళ్లేరుట సాధ్యము కాదు.

ఎంత మెఱుగుపఱచినను లోహపు స్వభావము మాఱదు. సూర్యుని పైభాగపు వేఁడిమి సుమారు 5,500 డిగ్రీలు. టంగ్‌స్టన్ 3,422 డిగ్రీలకే కరఁగును. అందువలన బల్బు వెలుఁగులో నీలము కొఱవడి పసుపు హెచ్చును. చీర రంగు పగటివెలుఁగునఁ జూచి కొనుమను పెద్దల మాట యిందులకే తగియున్నది. బల్బు క్రింద ముదురునీలము నల్లగాఁ గనిపించును. మఱియొక లోపము పెద్దది: వాడిన విద్యుత్తులో నూటికి 5 వంతులైనను వెలుఁగు కాదు, తక్కినదంతయు వేఁడిమియే. కోడిపిల్లలను వెచ్చగా నుంచువారి కది లాభమే, మనకు నష్టము. 2015 జనవరి 5వ తేదీన మన దేశమున మొదలిడిన ఉజాలా పథకమునఁ బంచిన 36 కోట్లకుఁ బైఁబడిన ఎల్.ఇ.డి. దీపములు, 60 వాట్ల బల్బు వెలుఁగును 8, 9 వాట్లతో నిచ్చును.

రాత్రి పడకగదిలో పెట్టు ‘సున్న వాట్ల’ పాత బల్బు సున్న గాదు. సుమారు 15 వాట్లు తినును. రాత్రికిఁ బది గంటల చొప్పున నెలకు నాలుగున్నర యూనిట్లు. తీఁగయే లేని ఎల్.ఇ.డి. యెట్లు వెలుఁగునో వచ్చు నెలలో వ్రాసెదను.