రోడ్లకూ ఇంటిపేర్లున్నాయి

విజయవాడ నుంచి విశాఖపట్నం పోయే రోడ్డును ఇప్పటికీ అయిదో నంబరు రోడ్డనే అనేవారున్నారు. 2010లో ఆ అంకె మారింది, ఇప్పుడది 16. మరి అయిదో నంబరు ఏమయిందయ్యా అంటే, సిమ్లా కొండలెక్కింది! హైదరాబాదు, కర్నూలు మీదుగా పోయే పాత ఏడో నంబరు రోడ్డు 44 అయింది. ఆ ఏడు కాస్తా బదరీనాథ్ యాత్రకు పోయింది.

ఇది తోచినట్టు చేసిన మార్పు కాదు. ఉత్తర దక్షిణాలుగా పోయే పెద్ద రోడ్లకు సరి సంఖ్యలు; తూర్పు నుంచి పడమటికి పోనుపోను పెరుగుతాయి. అస్సాంలో 2 ఉంటే, జైసల్మేరులో 68. తూర్పు పడమరలుగా పోయేవాటికి బేసి సంఖ్యలు; ఇవి ఉత్తరాన్నుంచి దక్షిణానికి పెరుగుతాయి. కాశ్మీరంలో 1, రామేశ్వరంలో 87. పుణె నుంచి హైదరాబాదు మీదుగా మచిలీపట్నం వచ్చేది 65. అంకె చూస్తే దిక్కు తెలుస్తుంది, దేశంలో ఏ మూలనున్నామో కూడా ఇంచుమించు తెలుస్తుంది. పాత అంకెలకు ఈ గుణం లేదు.

మూడంకెలవి శాఖలు. మనకు ఇంటిపేరు ముందుంటుంది గాని, వీటికి చివర ఉంటుంది. కత్తిపూడిలో విడిపోయి కాకినాడ, అమలాపురం, మచిలీపట్నం చూసుకుని, ఒంగోలులో మళ్ళీ పుట్టింటికి చేరే 216 అచ్చంగా 16 వారి ఆడపడుచు. నకిరేకల్లు దగ్గర బయలుదేరే 565 ఏ ఇంటిదో మీరే చెప్పగలరు.

ఒక్కటే చిక్కు. 2010కి ముందు రాసిన దస్తావేజులో పొలానికి తూర్పు హద్దు అయిదో నంబరు రోడ్డని మాత్రమే ఉంటే, రేపు మునిమనవడు ఆ హద్దును సిమ్లాలో వెతుక్కోవాలి కాబోలు! అందుచేత అంకెతోబాటు ఆ రోడ్డు ఏ ఊరి నుంచి ఏ ఊరికి పోతుందో కూడా రాయించుకోండి.