బస్సు బాటలో రైలు: సూరత్ నేత కార్మికునికి దక్కేదేమిటి?

గుజరాత్‌లోని సూరత్‌కు మెట్రో రైలు వస్తే నగర రూపురేఖలు మారిపోతాయని చెబుతున్నవారి మాటలో అసత్యం లేదు. అయితే ఆ నగరానికి ఇప్పటికే ఒక ప్రజా రవాణా వ్యవస్థ ఉంది. రైలు వచ్చిన మరునాడు దాని గతి ఏమిటన్నది తేల్చకుండా రైలు వేగాన్ని గురించి ఎంత చెప్పుకున్నా ప్రయోజనం స్వల్పం.

బస్సులకు రోడ్డు నడుమ ప్రత్యేక బాటను కేటాయించే బి.ఆర్.టి.ఎస్. విధానం సూరత్‌లో 2014 జనవరిలో ప్రారంభమయింది. ఉధ్నా దర్వాజా నుంచి సచిన్ పారిశ్రామికవాడ వరకు వేసిన తొలి బాట తర్వాత విస్తరించి వంద కిలోమీటర్లు దాటింది. ఇక మెట్రో సంగతి. 2019 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఈ పథకానికి 2021 జనవరి 18న ప్రధాని నరేంద్ర మోదీ శంకుస్థాపన చేశారు. సర్థాణా నుంచి డ్రీమ్ సిటీ వరకు ఒకటి, భేసాణ్ నుంచి సారోలి వరకు మరొకటి, వెరసి రెండు కారిడార్లు. మొత్తం పొడవు 40.35 కిలోమీటర్లు, స్టేషన్లు 38, అంచనా వ్యయం రూ. 12,020 కోట్లు. అంటే కిలోమీటరుకు దాదాపు రూ. 300 కోట్లు.

బస్సు స్టేషన్లను కూల్చి వాటి స్థానంలోనే రైలు స్టేషన్లు కట్టే పథకం కాదిది. కాని ఉధ్నా దర్వాజా, సర్థాణా వంటి చోట్ల బస్సు ప్రయాణికుడూ రైలు ప్రయాణికుడూ ఒకే మనిషి. అతడు దిగి ఎక్కవలసిన చోటు అదే. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఆ మనిషి ఎవరో తెలుగు పాఠకులకు వేరుగా చెప్పనవసరం లేదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు కొన్ని తరాలుగా లింబాయత్, పర్వత్ పాటియా పరిసరాలలో స్థిరపడి ఉన్నాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు నడపవలసి వచ్చిందంటే వారి సంఖ్యను ఊహించుకోవచ్చు. మరమగ్గాలపై పన్నెండు గంటల షిఫ్టు, నేసిన మీటర్ల లెక్కన కూలి: ఇదీ వారి జీవితం. భేసాణ్-సారోలి కారిడార్‌లోని అంజనా ఫార్మ్, మోడల్ టౌన్, మగోబ్ స్టేషన్లు వీరి నివాసాలకు చేరువలోనే వస్తాయి. కావున మెట్రో తమది కాదని వీరు అనుకోనవసరం లేదు. అయితే ఇంటి నుంచి షెడ్డుకు నేరుగా వెళ్లే బస్సు పోయి, ఒక బస్సు, ఒక రైలు, మళ్లీ ఒక ఆటో ఎక్కవలసి వస్తే, మూడు చోట్లా చెల్లించే చార్జీ ఆనాటి కూలిలో నుంచే పోవాలి. అప్పుడు అతడు రైలును తలెత్తి చూస్తాడే గాని ఎక్కడు.

ఈ సందేహం కేవలం ఊహ కాదని కెనడా రాజధాని ఒటావా అనుభవం చెబుతోంది. 1983లో మొదలైన అక్కడి ప్రత్యేక బస్సు మార్గం చాలాకాలం పాటు ప్రపంచ నగరాలకు ఆదర్శమయింది. శివారులో బస్సెక్కినవాడు నగరం నడిబొడ్డున దిగేవాడు. ఆ మార్గంలో కీలకమైన భాగాన్ని లైట్ రైలుగా మార్చి, 2019 సెప్టెంబరు 14న 12.5 కిలోమీటర్ల మేర ప్రారంభించారు. సమాంతరంగా నడిచే బస్సులను సుమారు మూడు వారాలు మాత్రమే ఉంచి ఉపసంహరించారు. శివారు ప్రయాణికులు బ్లెయిర్, టనీస్ పాశ్చర్ స్టేషన్లలో దిగి రైలు మారవలసి వచ్చింది. ఆ రైలు సవ్యంగా నడిచి ఉంటే ఫిర్యాదులు కొన్నాళ్లకు సద్దుమణిగేవేమో. తలుపులు మొరాయించాయి, స్విచ్‌లు మంచుకు పనిచేయలేదు, 2021 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో రెండుసార్లు రైళ్లు పట్టాలు తప్పాయి. రెండవ ప్రమాదం తర్వాత సర్వీసు దాదాపు రెండు నెలలు నిలిచిపోయింది. ఒంటారియో ప్రభుత్వం నియమించిన విచారణ కమిషన్ 2022 నవంబరులో నివేదిక సమర్పించి, నిర్మాణ సంస్థతో పాటు నగర యంత్రాంగాన్నీ తప్పుపట్టింది. ఇంత జరిగినా అక్కడ రైలు వద్దని నిర్ణయించలేదు, రెండవ దశను పడమటి శివారులోని పాత బస్సు స్టేషన్ల మీదుగానే చేపట్టారు. తప్పు రైలులో లేదు. ప్రత్యామ్నాయం నిలదొక్కుకోకముందే ఉన్న ఆధారాన్ని తీసివేసిన తొందరపాటులో ఉంది.

సూరత్‌లో ఈ ప్రమాదానికి తోడు మరొక ఇబ్బంది కూడా ఉంది. బి.ఆర్.టి.ఎస్., సిటీ బస్సులు నగరపాలక సంస్థకు చెందిన సిటీలింక్ అజమాయిషీలో నడుస్తున్నాయి. మెట్రో నిర్మాణం మాత్రం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఉమ్మడి సంస్థ అయిన గుజరాత్ మెట్రో రైల్ కార్పొరేషన్‌ది. 1994 నాటి ప్లేగు తర్వాత కమిషనర్ ఎస్.ఆర్. రావు హయాంలో నగరాన్ని శుభ్రపరచి పేరు తెచ్చుకున్న పాలక సంస్థ అది. దానికి సామర్థ్యం లేదనలేము. కాని రైలు వేళలు ఒక కార్యాలయంలో, బస్సు వేళలు మరొక కార్యాలయంలో నిర్ణయమైతే, రాత్రి షిఫ్టు ముగించుకుని స్టేషన్‌లో దిగిన కార్మికునికి బస్సు దొరుకుతుందా లేదా అన్నదానికి జవాబుదారీ ఎవరు?

బస్సు బాటను చేజార్చుకోవడం ఎంత సులభమో మన దేశంలోనే రుజువయింది. 2008లో ఢిల్లీలో అంబేద్కర్ నగర్-మూల్‌చంద్ మధ్య వేసిన కారిడార్‌ను కార్ల యజమానుల ఒత్తిడి నడుమ 2016లో తొలగించారు. విజయవాడలో బి.ఆర్.టి.ఎస్. రోడ్డు అన్న పేరు ప్రజల నోట నిలిచింది గాని, ప్రత్యేక బస్సు వ్యవస్థ నిలదొక్కుకోలేదు. మెట్రో స్తంభాల కోసం రోడ్డు ఇరుకైనచోట మొదట వేటు పడేది బస్సు బాటపైనే. పని ముగిశాక దానిని తిరిగి బస్సుకే అప్పగిస్తారన్న హామీ కాగితంపై ఉండి తీరాలి.

కేంద్రం 2017లో ప్రకటించిన మెట్రో విధానం స్టేషన్లకు అనుబంధ రవాణాను ప్రణాళికలోనే చేర్చాలని నిర్దేశించింది. సూరత్‌లో అందుకు కొత్తగా వేయవలసినది కూడా పెద్దగా లేదు. బస్సు బాట ఉంది, బస్సులు ఉన్నాయి. ఒకే టికెట్టుపై బస్సు, రైలు రెండూ ఎక్కే వీలు కల్పించడం, రైలు ప్రారంభమైన తర్వాత కనీసం ఒక ఏడాదైనా ఇప్పటి బస్సు మార్గాలను కదపకపోవడం, షిఫ్టు మారే వేళలకు అనుగుణంగా లింబాయత్ వైపు బస్సులు నడపడం, ఈ మూడింటికీ కావలసిన సొమ్ము ఒక్క కిలోమీటరు మెట్రో వ్యయంతో పోల్చినా స్వల్పమే. రైలు కూత పెట్టకముందే వీటిపై రెండు సంస్థలూ ఒడంబడిక కుదుర్చుకుని, దానిని గుజరాతీ, హిందీలతో పాటు తెలుగులోనూ ఆ పేటలలో ప్రకటించాలి.