వికాస కార్యక్రమాలకు పరీక్ష పెట్టేదెవరు?



పిల్లలకు ఏటా పరీక్షలు పెడతాము. ఆ పిల్లలను తీర్చిదిద్దుతామంటూ బడిలోకి వచ్చే కార్యక్రమాలకు మాత్రం పరీక్ష ఉండదు. ఒక ప్రారంభోత్సవం, ఒక కరదీపిక, శిక్షణ పొందిన ఉపాధ్యాయుల పట్టిక, నాలుగు ఛాయాచిత్రాలు. అంతటితో నివేదిక సిద్ధం! కౌమార విద్య, జీవన నైపుణ్యాలు, ఆనంద పాఠాలు అని పేర్లు మారుతుంటాయి; నివేదిక మారదు. ఎందరికి బోధించారో అందులో ఉంటుంది. బోధించినందువల్ల ఏ బిడ్డలో ఏమి మారిందో ఉండదు.

మనోవికాసం కొలతకు అందదు అనే పెద్దలున్నారు. వారు బీహారులోని నలందా జిల్లాను చూడాలి. అక్కడ 'సెహర్' అనే పరిశోధనకై 75 ప్రభుత్వ పాఠశాలలను చీట్లు తీసినట్లుగా మూడు భాగాలు చేశారు. ఒక భాగంలో బడికొక సలహాదారును నియమించారు. వారు మానసిక వైద్య నిపుణులేమీ కారు. రెండవ భాగంలో అదే పని ఆ బడి ఉపాధ్యాయునికే అప్పగించారు. మూడవదానికి ప్రభుత్వం వారి మామూలు జీవన నైపుణ్యాల పాఠాలే. గోడపత్రిక, మనసులోని మాట వ్రాసి వేసే పెట్టె, బృందచర్చలు, ఒంటరిగా కూర్చోబెట్టి ఓదార్చడం - ఇదీ పని.

ఫలితాలు 2018లో 'లాన్సెట్' పత్రికలో వచ్చాయి. సలహాదారులున్న బడులలో వాతావరణం మెరుగుపడింది. తొమ్మిదవ తరగతి పిల్లలలో దిగులు, వేధింపులు, హింస తగ్గాయి. ఉపాధ్యాయులు నడిపినచోట మూడవ భాగంతో పోలిస్తే చెప్పుకోదగిన తేడా లేదు.

నేనూ బడిపంతులునే. ఇది చదివి మొదట కోపం వచ్చింది. పిదప ఆలోచిస్తే కోపానికి తావు లేదనిపించింది. సలహాదారుకు అదొక్కటే పని. మనకు పాఠాలు, దిద్దుబాట్లు, జనగణన, ఎన్నికలు, ఆపైన ఇది. పైగా ఉదయం మార్కులు తక్కువని మందలించిన వానివద్దకే మధ్యాహ్నం ఏ బిడ్డ వచ్చి మనసు విప్పుతుంది? కారణమిదేనని పరిశోధన తేల్చలేదు. నా అనుభవం చెబుతున్నది.

ఆ తరువాత 2020లో ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. బడికి ఇద్దరు ఉపాధ్యాయులు ఆరోగ్యదూతలట! వారానికొక గంట బోధించాలట! ఒక్క జిల్లా ఫలితం దేశానికంతటికీ ప్రమాణం కాదంటారా? కాదు, ఒప్పుకుంటాను. అయితే మరి నాలుగు జిల్లాలలో పరీక్షించి చూడాలి గాని, ఫలితాన్ని పక్కనబెట్టి దేశమంతా పరచడమేమిటి?

'పోనీ, గంటసేపు మంచిమాటలు చెబితే నష్టమేమి?' అనేవారికి ఒకటే జవాబు. ఆ గంట బిడ్డది. దిగులుతో ఉన్న బిడ్డకు ఏదో చేశామన్న తృప్తి మనకు కలిగితే, నిజంగా చేయవలసినది ఎన్నటికీ చేయము.

బ్రిటనులో ధ్యానపాఠాలను ఎనిమిదివేల పైచిలుకు పిల్లలపై పరీక్షించారు. మామూలు బోధనకంటే అదనపు మేలేమీ కనబడలేదని 2022లో దాపరికం లేకుండా ప్రకటించారు. అదీ నిజాయితీ.

నేను కోరేవి మూడు. ఏమి కొలుస్తారో ముందే చెప్పండి. కార్యక్రమం లేని బడులతో పోల్చండి. ఫలితం శూన్యమైనా ప్రకటించండి.

సున్న వేయవలసినచోట సున్న వేయలేనివాడు మూల్యాంకనానికి కూర్చోరాదు.