అదను దాటిన సాయం అప్పుకే దారి

మృగశిర కార్తె వచ్చేసరికి రైతు ఇంట్లో ఖర్చులన్నీ ఒక్కసారే మీద పడతాయి. విత్తనాలు, ఎరువులు, దుక్కి కిరాయి, కౌలుకు చేసేవారికి ముందుగా కట్టాల్సిన కౌలు. పిల్లల చదువు మలుపు తిరిగేదీ ఆ రోజుల్లోనే. పది పాసైన బిడ్డ ఇంటర్‌లోనో, ఐటీఐలోనో, పాలిటెక్నిక్‌లోనో చేరాలి. ఇంటర్ పాసైన బిడ్డకు కౌన్సెలింగ్ ఫీజు, సర్టిఫికెట్ల పరిశీలనకు పట్నం ప్రయాణం, హాస్టల్ అడ్వాన్సు కావాలి. ఉన్న నాలుగు రూపాయలు చేనుకు పెట్టాలా, బిడ్డకు పెట్టాలా? ఈ ప్రశ్నను రైతు కుటుంబం మీదే వదిలేసి ప్రభుత్వాలు పక్కకు తప్పుకుంటున్నాయి.

2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకే వర్తిస్తుంది. అంటే ఎనిమిదో తరగతితో హక్కు ముగిసిపోతుంది. ఆ తర్వాత ఉన్నవన్నీ పథకాలే. పథకం ప్రభుత్వం మారితే పేరు మార్చుకుంటుంది, ఖజానా బిగిస్తే ఆగిపోతుంది.

ఉమ్మడి రాష్ట్రంలో 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంటు మన పిల్లలకు పెద్ద మేలే చేసింది. ఇంట్లో మొదటిసారి డిగ్రీ, ఇంజనీరింగ్ గడప తొక్కినవారు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. అందుకే ఆ పథకం నీరుగారిపోతుంటే చూస్తూ ఊరుకోలేం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోయాయి. 2025లో తెలంగాణలో ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు బకాయిల కోసం కాలేజీలు మూసేదాకా వెళ్లాయి.

బకాయి పడింది ప్రభుత్వం. కానీ కాలేజీ పట్టుకునేది విద్యార్థినే. ఫీజు కడితేనే మెమో, టీసీ ఇస్తామంటుంది. సర్టిఫికెట్ చేతిలో లేనిదే పై చదువు లేదు, ఉద్యోగమూ లేదు. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. అమలు చేయించేవారేరీ? చివరికి తండ్రి నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి విడిపించుకుంటున్నాడు. ప్రభుత్వం ఆలస్యానికి వడ్డీ కడుతున్నది రైతు. బ్యాంకు గడప ఎక్కనివ్వని కౌలు రైతుకైతే ఈ భారం రెట్టింపు.

ఫీజు ఒక్కటే సమస్య కాదు. ఏ దారి ఎటు పోతుందో పిల్లలకు చెప్పేవారు లేరు. పది తర్వాత వ్యవసాయ పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమా ఉందని, అది చదివినవారు అగ్రిసెట్ రాసి బీఎస్సీ అగ్రికల్చర్‌లో చేరవచ్చని జిల్లా పరిషత్ బడిలో ఎంతమందికి తెలుసు? ఒకేషనల్ ఇంటర్ చదివినవారికి బ్రిడ్జి కోర్సు ద్వారా ఇంజనీరింగ్ దారి కూడా ఉందని ఎవరు చెబుతున్నారు? పరీక్షలు కాకముందే కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు కరపత్రాలతో ఇళ్లకు వస్తారు. ప్రభుత్వం తరఫున ఒక్క మనిషీ రాడు. 2025 నాటికి సగం మంది విద్యార్థులకు వృత్తి విద్య పరిచయం చేస్తామని 2020 జాతీయ విద్యా విధానం రాసుకుంది. బడికి పనిముట్లు, నేర్పే మనిషి, వాటికి నిధులు లేకుండా అది ఎలా జరుగుతుంది?

ఈ మలుపులో ముందుగా ఆగిపోయేది ఆడపిల్ల. కాలేజీ మండల కేంద్రంలో ఉంటుంది, బస్సు వేళకు రాదు, హాస్టల్లో సీటు దొరకదు. ఇక పెళ్లి మాట మొదలవుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20–24 ఏళ్ల మహిళల్లో 18 నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం.

పిల్లలను చదివించి పట్నం పంపితే సేద్యం ఎవరు చేస్తారని మన సంఘం సభ్యులే కొందరు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. అయితే గతిలేక పొలంలో మిగిలిపోయినవాడు సేద్యాన్ని నిలబెట్టలేడు. మోటారు బాగుచేయడం, భూసార పరీక్ష, పాల శీతలీకరణ, పంట నిల్వ తెలిసిన యువతకు ఊళ్లోనే పని కల్పించవచ్చు. ఉండాలా, వెళ్లాలా అన్నది బిడ్డ ఇష్టం కావాలి గాని, అప్పు తేల్చే సంగతి కాకూడదు.

అందుకే మేం డిమాండ్ చేస్తున్నాం:

– ఫీజు బకాయిలన్నీ జూన్ లోపు చెల్లించాలి. ఇకపై ఏటా గడువు పెట్టి విడుదల చేయాలి.
– బకాయిల పేరుతో సర్టిఫికెట్లు ఆపే కాలేజీలపై చర్య తీసుకోవాలి.
– ప్రతి ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు, జూనియర్ కాలేజీకి ప్రత్యేక నిధి ఇవ్వాలి. దారి చూపే టీచరుకు శిక్షణ, పేద పిల్లల దరఖాస్తు ఫీజులు, ప్రయాణ ఖర్చులు అందులోంచి భరించాలి.
– ఐటీఐ, పాలిటెక్నిక్, ఒకేషనల్ విద్యార్థులకు నెలనెలా స్టైపెండ్ ఇవ్వాలి.
– మండల కేంద్రాల్లో బాలికల హాస్టళ్లు పెంచాలి, కాలేజీ వేళలకు బస్సులు నడపాలి.

గ్రామ కమిటీలు మే నెలలోనే తమ ఊళ్లో పది, ఇంటర్ పూర్తిచేసినవారి జాబితా రాయాలి. ఎవరు చేరారు, ఎవరు ఆగారు, ఎందుకు ఆగారో తెలుసుకోవాలి. ఆ జాబితాలతో మండల విద్యాధికారి కార్యాలయానికి, కలెక్టరేట్‌కు వెళదాం. పంటకు నీళ్లు అడిగినంత గట్టిగా పిల్లల చదువుకు నిధులు అడుగుదాం. అదను దాటాక కురిసిన వాన పంటను నిలబెట్టదు. సర్టిఫికెట్ ఆగిపోయాక వచ్చిన రీయింబర్స్‌మెంటూ అంతే.