రస్ట్ వస్తే రాకెట్లు పడవా?

2024 ఫిబ్రవరిలో వైట్‌హౌస్ సైబర్ కార్యాలయం నివేదిక వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే పాట. ప్రోగ్రామింగ్‌లో సీ, సీ ప్లస్ ప్లస్ భాషల కాలం చెల్లిందట, ఇక మెమరీ పొరపాట్లను అడ్డుకునే ‘మెమరీ సేఫ్’ భాష రస్ట్‌దే రాజ్యమట. ఆ నివేదికను చివరిదాకా చదివి ఈ మాట అంటున్నవాళ్లు తక్కువే అనిపిస్తుంది. రస్ట్ అంతరిక్ష వ్యవస్థల్లో ఇంకా నిరూపణ కాలేదని అందులోనే రాశారు. పైగా దాని దృష్టంతా హ్యాకర్ల మీద. ఎవరూ చొరబడకుండానే రైలో విమానమో తప్పుచేసి మనుషుల్ని చంపడం వేరే సమస్య. దానికి నిబంధనలు పాతికేళ్లుగా ఉన్నాయి.

మన రైళ్ల రక్షణ వ్యవస్థ కవచ్ వార్తల్లో కనిపించే ‘సిల్-4’ అనే భద్రతా స్థాయి ఆ నిబంధనల కుదురు నుంచి వచ్చిందే. వాటికి మూలమైన ఐఈసీ 61508 ప్రమాణం ఏడో భాగంలో భాషల పట్టిక ఒకటుంది. ఉత్త సీ భాషకు సిల్-3, సిల్-4 స్థాయిల్లో ‘వాడొద్దు’ అనే సిఫారసు. అదే సీని కొంత భాగానికి పరిమితం చేసి, కోడింగ్ నియమాలు పెట్టి, స్టాటిక్ ఎనాలిసిస్ పరికరాలతో తనిఖీ చేస్తే నాలుగు స్థాయిల్లోనూ ‘గట్టిగా సిఫారసు’. భద్రతకు పేరుపడ్డ ఏడా భాషకు కూడా పరిమితులు లేకపోతే పై స్థాయిల్లో సిఫారసు ఒక మెట్టు దిగుతుంది. విమాన సాఫ్ట్‌వేర్‌ను శాసించే డీఓ-178సీ అయితే ఫలానా భాషే వాడాలని అననే అనదు. అంటే ఈ ప్రమాణాలు చూసేది భాష పేరును కాదు, అందులో దేన్ని వదిలేశారు, మిగిలినదాన్ని ఎలా తనిఖీ చేశారు అన్నదాన్ని.

1996 జూన్ 4న కౌరూ నుంచి ఎగిరిన కాసేపటికే పేలిపోయిన ఏరియన్-5 రాకెట్ ఏడాను నమ్ముకున్నదే. దిశను లెక్కగట్టే పరికరం కోడ్‌ను ఏరియన్-4 నుంచి దాదాపు యథాతథంగా తెచ్చుకున్నారు. 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చబోతే అది 32,767 దాటిపోయింది. భాష తన పని తాను చేసింది, తప్పును పట్టుకుంది. తప్పు దొరికితే ప్రాసెసర్‌ను ఆపేయాలన్నది మనుషులు రాసిన నిర్దేశం. అదనపు పరికరంలోనూ అదే కోడ్ కాబట్టి రెండూ ఆగిపోయాయి. ప్రధాన ఇంజిన్ రాజుకుని అప్పటికి సుమారు 37 సెకన్లు. అసలు విషాదం ఏమిటంటే, రాకెట్ నేల విడిచాక ఆ లెక్కతో పనే లేదు.

ఆ ప్రమాదంపై విచారణ జరిపిన గణితవేత్త జాక్ లూయీ లియోన్స్ కమిటీ నివేదికలో నన్ను నిలదీసే వాక్యం మరొకటుంది. ప్రమాదం ఉన్న ఏడు చలరాశుల్లో నాలుగింటికే రక్షణ పెట్టారు. ప్రాసెసర్ భారం 80 శాతం దాటకూడదని పరిమితి దాటిన సంఖ్యతో సహా మిగతా మూడింటినీ వదిలేశారు. ఆ మూడింటినే ఎందుకు వదిలేశారో కారణం కోడ్‌లో నేరుగా ఎక్కడా రాసిలేదు.

అదే మార్పిడిని రస్ట్‌లో మామూలుగా ‘యాజ్’ అని రాస్తే? 2020 నుంచీ అది గుట్టుచప్పుడు కాకుండా 32,767 దగ్గర ఆగిపోతుంది. హెచ్చరిక ఉండదు. ఆ రోజు రాకెట్ బతికేదేమో కూడా! కానీ అదే తప్పుడు అంకె ఇన్సులిన్ పంపులో చేరితే కనిపెట్టేవాళ్లుండరు.

నా మొగ్గు దాచుకోను. ఏడాలో పరిమిత భాగమైన స్పార్క్ వంటి వాటివైపే. పరిమితి దాటిన ఆ చలరాశి ఎంతకు మించదో రాసి చూపనిదే అక్కడ రుజువు పూర్తికాదు. కోడ్‌లో లేకుండా పోయిన ఆ కారణాన్ని ప్రోగ్రామర్ చేత పరికరమే బలవంతంగా రాయించేది. రుజువులు పుస్తకాలకే పనికొస్తాయనేవారు పారిస్ మెట్రో 14వ లైన్ చూడాలి. 1998లో డ్రైవర్ లేకుండా మొదలైన ఆ రైళ్ల భద్రతా కోడ్‌ను బీ పద్ధతిలో గణితపరంగా రుజువుచేసి, సుమారు 86 వేల వరుసల ఏడాగా మార్చుకున్నారు.

రస్ట్ ఎదగాలి, సందేహం లేదు. ఫెర్రోసీన్ అనే రస్ట్ కంపైలర్‌కు 2023లో వాహన ప్రమాణం కింద అర్హత దక్కింది కూడా. అయితే రేపు మన రైల్వేల, ఆసుపత్రుల టెండర్లలో ‘మెమరీ సేఫ్ భాష’ అన్న ఒక్క గడిలో టిక్కు పెట్టించుకుని ఊరుకుంటే, రుజువు అడగకుండా వదిలేయడానికి సరఫరాదారుకు మనమే వీలు కల్పించినట్టవుతుంది.