అంగీకార పత్రము – రోగి హక్కు

శస్త్రచికిత్సకు ముందు రోగిచేత సంతకము చేయించుట ఆసుపత్రులలో ఆచారము. ఆ కాగితము తరచుగా ఇంగ్లీషులో నుండును. సంతకము పెట్టువారికి వచ్చినది తెలుగో, ఉర్దూయో. ఇందేమున్నదని అడిగినచో "అందరును పెట్టునదే" యని జవాబు. దీనిని అంగీకారమనుటకు మాకు మనసొప్పదు.

1995లో ఢిల్లీలో 44 ఏండ్ల అవివాహిత యొకామె అధిక రక్తస్రావముతో వైద్యురాలిని ఆశ్రయించెను. లాపరోస్కోపీకిని, అవసరమైనచో పొట్ట తెరచుటకును ఆమె సంతకము చేసెను. మత్తులో నుండగా, బయట కూర్చున్న తల్లి సమ్మతితో గర్భాశయమును, అండాశయములను తొలగించిరి. వైద్యురాలిది సదుద్దేశమే కావచ్చును. అయినను, ప్రాణాపాయము లేనప్పుడు రోగికి తెలివి వచ్చువరకు ఆగి యడుగవలసి యుండెననియు, వయోజనురాలి బదులు తల్లి సమ్మతి చెల్లదనియు 2008 జనవరి 16న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. పరిహారము 25,000 రూపాయలు! పోగొట్టుకొన్న దానికది వెల యని ఎవరనగలరు?

వైద్యుడు ఏమేమి చెప్పవలెనో ఆ తీర్పే నిర్ణయించినది: చికిత్స స్వభావము, ప్రయోజనము, ప్రత్యామ్నాయములు, గణనీయమైన ముప్పులు, నిరాకరించినచో కలుగు ఫలితము. అరుదైన ముప్పులు చెప్పనక్కరలేదట. ఎంత చెప్పిన చాలునో తేల్చుటకు వైద్యలోకపు ఆనవాయితీయే కొలబద్ద. ఇక్కడ మేము విభేదింతుము. బ్రిటన్‌లో మధుమేహము గల యొక గర్భిణికి, కాన్పులో శిశువు భుజము చిక్కుకొను ప్రమాదము నూటికి 9, 10 పాళ్లున్నను వైద్యురాలు చెప్పలేదు. చెప్పినచో తల్లులు సిజేరియన్ కోరుదురని ఆమె వాదన. బిడ్డకు తీవ్ర వైకల్యము కలిగెను. ఆ రోగి స్థానములో నున్న మనిషికి ఏది ముఖ్యమో అది చెప్పి తీరవలెనని 2015లో అచ్చటి సుప్రీంకోర్టు తీర్మానించెను. మన దేశమునకును ఇదియే తగిన కొలత.

ఇంత రద్దీలో తీరికెక్కడిదని వైద్యులందురు. నిజమే, ప్రభుత్వ ఆసుపత్రులలో ఓ.పి. వరుసలు మేమును చూచినవే. కాని కోతకు ముందు నాలుగు మాటలు చెప్పుటకు గంటలు పట్టవు. రోగి బెదరిపోవుననుట మరియు చిత్రము. బెదరి మానుకొనుటయు అతని యిష్టమే కదా!

విద్యార్థి మిత్రులారా, ఇంటిలో చదువుకొన్నవారు మీరే గనుక, రేపు అమ్మీ కొరకో నాన్న కొరకో ఆ కాగితమును మీ చేతికే యిత్తురు. చదువక, అడుగక సంతకము పెట్టకుడు. కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి: మన ఉర్దూ, తెలుగు శాఖలు కలిసి పై యైదు విషయములను రెండు లిపులలో ఒక పుటగా వ్రాసి యిచ్చినచో, అచ్చు ఖర్చు స్వల్పమే. చదువురాని వారికి వినిపించుటకు మన ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులు ఆదివారములు ఆసుపత్రికి పోగలరు.