దేవుడి ఎదుట నటన దేనికి?

కష్టం చెప్పకు, స్తోత్రం చెప్పు: అరకు కొండల్లోని సంఘాల్లో ఈమధ్య బాగా పాతుకుపోయిన బోధ ఇది. జరగనిదాన్ని జరిగినట్టు నోటితో ఒప్పుకుంటే జరిగి తీరుతుందట. ఉన్న బాధను ఉన్నట్టు పలికితే అపవాదికి తలుపు తీసినట్టేనట. నగరాల్లో పెద్ద పెద్ద వేదికలెక్కిన ప్రసంగీకులు చెప్పిన ఈ మాట టీవీలో, యూట్యూబులో సిగ్నల్ అందిన ప్రతి గూడేనికీ ఎక్కింది. డుంబ్రిగుడ వైపో అనంతగిరి వైపో ఏదో ఒక చిన్న మందిరంలో ఆదివారం సాక్ష్యాల వేళ కూర్చుని చూడండి. జ్వరం తగ్గినవాడు లేస్తాడు, ఉద్యోగం వచ్చినవాడు లేస్తాడు. తగ్గనివాడు, రానివాడు చాప మీద తలొంచుకుని కూర్చుంటాడు. అందరూ చప్పట్లు కొడతారు, అతనూ కొడతాడు. దీన్ని విశ్వాసం అంటున్నారు. నేను నటన అంటాను.

ఈ కొండల నుంచి డోలీ ఇంకా పోలేదు. నొప్పులు మొదలైన ఆడమనిషిని కర్రకు కట్టిన దుప్పట్లో పడుకోబెట్టి, మగవాళ్లు భుజాలు మార్చుకుంటూ, గెడ్డలు దాటించి, అంబులెన్సు రాగలిగిన చోటికి మోసుకొస్తారు. నడిదారిలో కాన్పయిన వార్తలు, బిడ్డ దక్కని వార్తలు అల్లూరి సీతారామరాజు జిల్లా పేజీల్లో చదువుతూనే ఉన్నాం. అలా బిడ్డను పోగొట్టుకున్న తల్లి మందిరానికొస్తే ఏమని ప్రార్థించాలి? “ప్రభువా, ఆ రాత్రి నువ్వెక్కడున్నావు?” అని నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, పక్కవాళ్లు అందించిన “అంతా నీ చిత్తం, స్తోత్రం” అనే మాటను ఆమె పలుకుతుంది. అక్కడితో దేవుడికి మేలేమీ జరగలేదు. రోడ్డు వేయనివాళ్లకు మాత్రం జరిగింది. వాళ్ల నిర్లక్ష్యం దేవుడి ఖాతాలో పడిపోయింది.

ఈ బోధకులు ఊరికే మాట్లాడరు, వాక్యం చూపిస్తారు. అరణ్యంలో ఇశ్రాయేలీయులు సణిగారు, దేవుడి కోపానికి గురయ్యారు, కాబట్టి ఫిర్యాదు పాపం అంటారు. వాళ్ల చేతిలో ఉన్న బలమైన వాదన ఇదే. కాబట్టి ఆ సంఖ్యాకాండమే తీద్దాం, 11వ అధ్యాయమే చదువుదాం. జనం మాంసం కోసం గుడారాల దగ్గర ఏడ్చారు. అదే అధ్యాయంలో మోషే కూడా ఫిర్యాదు చేశాడు, అదీ జనం కంటే ఘాటుగా. నన్నెందుకింత బాధపెడుతున్నావు, ఈ జనాన్ని నేనేమైనా కన్నానా, ఈ బరువు మోయలేను, ఇలాగే ఉంచేటట్టయితే నన్ను చంపెయ్ అన్న అర్థంలో దేవుణ్ణే నిలదీశాడు. జనానికి పూరేళ్లతో పాటు తెగులు వచ్చింది. మోషేకు వచ్చింది డెబ్బైమంది పెద్దల సాయం. దేవుడు అతణ్ణి గద్దించలేదు. అతని ఫిర్యాదులో న్యాయం ఉన్నట్టే బరువు పంచాడు.

తేడా ఎక్కడుంది? జనం దేవుడి వెనక మాట్లాడుకున్నారు. ఆ తర్వాత 14వ అధ్యాయానికి వచ్చేసరికి వేరే నాయకుణ్ణి పెట్టుకుని ఐగుప్తుకు తిరిగిపోదాం అనుకున్నారు. మోషే ఎక్కడికీ పోలేదు, ఎదురుగా నిలబడి అడిగాడు. తిరిగి వెళ్లిపోదామనుకునేవాడు సణుగుతాడు, ఇక్కడే ఉండాలనుకునేవాడు మొహం మీదే అడుగుతాడు. మన మందిరాల్లో జరుగుతున్నదేమిటంటే, మొహం మీద అడగడం నిషేధించేసరికి విశ్వాసులు ఇంటికెళ్లి సణుగుతున్నారు. సణుగుడును పెంచుతున్నది ఈ స్తోత్రబోధే.

కీర్తనల గ్రంథంలో మూడోవంతుకు తక్కువ కాకుండా విలాపాలే ఉన్నాయి. 44వ కీర్తన దేవుణ్ణి నిద్రపోతున్నావా అని అడుగుతుంది. 13వ కీర్తన ఏడుపుతో మొదలై పాటతో ముగుస్తుంది, నిజమే. 88వది అలా ముగియదు, చీకట్లోనే ఆగిపోతుంది. దాన్ని ఎవరూ గ్రంథంలోంచి తీసెయ్యలేదు. దుఃఖం ఎప్పుడు పాటగా మారాలో దుఃఖపడేవాడికి తెలియాలి, మైకు పట్టుకున్నవాడికి కాదు. హన్నా మందిరంలో గుండె కుమ్మరించుకుంటుంటే యాజకుడు ఏలీ తాగి వచ్చిందనుకున్నాడు. ఏలీ తర్వాత తప్పు దిద్దుకుని ఆమెను దీవించాడు. ఆ దిద్దుకోవడం మన పెద్దల్లో కొందరికి ఇంకా రాలేదు. ఇక సిలువ మీద యేసు అడిగిన ప్రశ్న గురించి నేను చెప్పనక్కర్లేదు, ప్రతి శుభ శుక్రవారం దాని మీద ప్రసంగం వింటూనే ఉన్నాం.

ఈ బోధ ప్రాణాల మీదికి తెచ్చే చోటు ఒకటుంది. మన ఏజెన్సీ గిరిజనుల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందిన బిడ్డకు అది వస్తుంది, ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి వంగి, ఎముకల్లో కీళ్లలో తట్టుకోలేని నొప్పి రేపుతాయి. దీని నిర్మూలనకు కేంద్రం 2023 జూలై 1న జాతీయ మిషన్ మొదలుపెట్టింది. హైడ్రాక్సీయూరియా లాంటి మందులు నొప్పి దాడులను తగ్గిస్తాయి, కానీ రోజూ వాడాలి. స్వస్థత కూటంలో “నా బిడ్డ బాగయ్యాడు” అని ఒప్పుకోలు చేసిన తల్లి మర్నాడు ఆ మాత్ర వేస్తే తన ఒప్పుకోలును తానే కాదన్నట్టు కాదా? వేయకపోతే నొప్పి తిరగబెడుతుంది. అప్పుడు “నీ విశ్వాసం చాల్లేదమ్మా” అంటారు. బిడ్డకు జబ్బు, తల్లికి నేరం. “ప్రభువా, నొప్పి ఇంకా ఉంది, ఓర్చుకోలేకపోతున్నాడు” అని చెప్పగలిగిన తల్లి ఆ మాటే డాక్టరుకూ చెప్పగలదు.

ఇలా నటించడానికి కారణం బోధకుడొక్కడే అనను. మతం మారి ఏం బాగుపడ్డారని అడిగేవాళ్లు చుట్టూ ఉన్నారు. క్రైస్తవులైన గిరిజనులను ఎస్టీ జాబితా నుంచి తీసెయ్యాలనే డిమాండూ వినబడుతూనే ఉంది. అలాంటప్పుడు మా దేవుడు జవాబిస్తాడని రుజువు చూపాలన్న తొందర సంఘానికి సహజం. అర్థం చేసుకోగలను. కానీ బయటివాళ్లకు చూపాల్సిన రుజువు కోసం లోపలివాళ్ల ఏడుపు ఆపడం న్యాయం కాదు.

ఇంకొకటి. ఈ స్తోత్రాలు ఎవరి నోటివి? సాలూరులో పనిచేసిన షుల్జె అనే లూథరన్ మిషనరీ కువి భాష నేర్చుకుని, 1911లో దాని వ్యాకరణాన్ని అచ్చు వేశాడు. వందేళ్లు దాటాక, ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే మనిషి మందిరంలో టీవీ ప్రసంగీకుడి గొంతుతో, అతని గ్రాంథికపు ముక్కలతో ప్రార్థన చేస్తున్నాడు. కోపమొచ్చినప్పుడు, కడుపు రగిలినప్పుడు మనిషికి వచ్చే భాష వేరు. ఆ భాషలో దేవుడితో ఒక్క మాటా అనకపోతే, అసలు సంగతి అనలేదన్నమాటే.

2025లో అరకు ప్రాంతపు కాఫీ తోటల్లో కాయ తొలుచు పురుగు కనబడింది. అది పాకకుండా పురుగు పట్టిన తోటల్లో కాయలన్నీ దూసి, వేడినీళ్లలో వేసి, పాతిపెట్టాల్సి వచ్చింది. ఏడాది కష్టం గోతిలో పడింది. అలాంటి రైతు కోతపండుగకు ఖాళీ చేతులతో వచ్చి “ఈ ఏడు నాకేం మిగల్లేదు దేవా, ఎందుకిలా చేశావు?” అంటే, దాన్ని కృతజ్ఞత లేనితనం అని ఎవరూ అనకూడదు. తేవడానికి అతని దగ్గర ఉన్నది ఆ ప్రశ్నే.

యోబు మిత్రులు ముగ్గురూ దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకుని చక్కటి మాటలు చెప్పారు. యోబు కేకలు పెట్టాడు, దేవుణ్ణి విచారణకు పిలిచాడు. చివర్లో దేవుడు ఆ ముగ్గురి మీదే కోపగించి, వాళ్లకోసం యోబు చేత ప్రార్థన చేయించాడు.

పాస్టరుగారూ, వచ్చే ఆదివారం సాక్ష్యాలకు ముందు కాస్త సమయం వదిలిపెట్టండి. జవాబు రానివాళ్లను లేవమనండి. వాళ్ల భాషలో, వాళ్లకు తోచినట్టు మాట్లాడనివ్వండి. మధ్యలో మైకు అందుకోకండి, ఆఖర్న స్తోత్రం జోడించకండి.